నడిస్తే తగ్గుతుందమ్మా అన్నావు

శ్రీకాకుళం,
మాఘ ఆదివారం, రాత్రి

చిరంజీవి సుధకు అమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

నిన్న ఫోనులో నీ నడుము నొప్పి గురించి ఈ మాటలు గొంతు దాకా వచ్చాయి. "భోజనం చేశావా" అని అడిగి ఆగిపోయాను. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు ఉత్తరం రాయడం నేర్పాను కాని నీకు ఒక్కటీ రాయలేదు. దీన్ని రేపు ఉదయం స్పీడ్ పోస్టులో వేస్తాను. వచ్చే సోమవారం మనం డాక్టరుగారి గదిలోకి వెళ్ళేలోగా రెండుసార్లు చదువు.

ముందు నీకు బాకీ పడిన మాట చెప్పనీ. కిందటేడు ఆషాఢంలో ఆ మూడో డాక్టరు నీ ఎమ్మారై చూసి, "అంతా బాగుంది, టెన్షన్ తగ్గించుకో, పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అన్నప్పుడు నేను నీ పక్కనే కూర్చున్నాను. నువ్వు నా వైపు చూశావు. ఒక్కమాట అడుగుతానేమోనని చూశావు. నేను ఆయనకు నమస్కారం పెట్టి లేచాను. బయటికి వచ్చాక నీ చెయ్యి పట్టుకుని "దేవుడి దయవల్ల ఏమీ లేదు" అన్నాను. నాకు నిజంగానే సంతోషం వేసింది. నీకు ఆ మాట ఎలా తగిలిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. బస్సులో ఇంటికి వచ్చేదాకా నువ్వు కిటికీ వైపే తిరిగి కూర్చున్నావు. ఏమీ లేనిది ఆ ఫిల్ములో. నేను నీలో ఏమీ లేదనుకున్నాను. తప్పు చేశానమ్మా.

ఆ తరువాత ఆరు నెలలు నీకు "పడుకో, లేవకు, విశ్రాంతి తీసుకో" అని చెబుతూనే ఉన్నాను. సెలవు పెట్టి వచ్చినప్పుడల్లా కొత్త దూది పరుపు వేసి, ఉప్పు కాపడం పెట్టి, పక్క మీద నుంచి కదలనివ్వలేదు. నువ్వు పొద్దుటికి ఇంకా బిగుసుకుపోయి లేచేదానివి. నా సేవ చాలలేదనుకుని మరునాడు మరో గంట ఎక్కువ పడుకోబెట్టాను.

భోగి నాడు తెల్లవారుజామున మంట వేయాలని మూడున్నరకే లేచాను. పెరటి తలుపు తీసి ఉంది. ఆ మంచులో నువ్వు శాలువా కప్పుకుని తులసికోట నుంచి నూతి గట్టు దాకా, మళ్ళీ నూతి గట్టు నుంచి తులసికోట దాకా నడుస్తున్నావు. మొదట ఒక కాలు ఈడుస్తున్నావు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండగానే నీ నడక కొంచెం కొంచెంగా సాగింది. "ఈ చలిలో ఏమిటే ఇది, వచ్చి పడుకో" అంటే, "నడిస్తే తగ్గుతుందమ్మా, పడుకుంటేనే నొప్పి" అన్నావు. రోజూ ఇంతేనా అని అడిగాను. మూడేళ్ళుగా ఇంతే అన్నావు. మూడేళ్ళలో నేను నిన్ను ఎక్కడ నొప్పి అని అడిగాను, ఎంత నొప్పి అని అడిగాను. ఎప్పుడు పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని ఒక్కసారీ అడగలేదు.

ఆ ఒక్క మాట పట్టుకునే కనుమ మరునాడు నా పాత విద్యార్థిని దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు ఊళ్ళో ఫిజియోథెరపీ చేస్తోంది. నేను మాట పూర్తి చేయకముందే తన చేతిలో పెన్ను పక్కన పెట్టింది. "మామూలు నడుము నొప్పి పడుకుంటే తగ్గుతుంది టీచర్, పని చేస్తే పెరుగుతుంది. ఇది తిరగబడి ఉంది" అంది. నలభై అయిదేళ్ళ లోపు మొదలై, మూడు నెలలు దాటి ఉండి, రాత్రి రెండో సగంలో నిద్ర లేపేసి, పొద్దున్న అరగంటకు పైగా నడుము పట్టేసి, విశ్రాంతికి లొంగకుండా కదిలితే సడలే నొప్పి అయితే కీళ్ళలో వాపు ఉందేమో చూడాలట. చూడవలసింది ఎముకల డాక్టరు ఒక్కరే కాదు, రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాత వ్యాధుల నిపుణుడు. నీకు ఇరవై అయిదో ఏట మొదలైంది. తను చెప్పిన ప్రతి ముక్కా నీకు సరిపోయింది.

ఆ జబ్బు కుటుంబానికి యాక్సియల్ స్పాండిలో ఆర్త్రైటిస్ అని పేరు. ముదిరి ఎక్స్‌రేలో కనబడే దశను యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. వెన్నెముక అడుగున, పిరుదుల వెనక రెండు వైపులా శాక్రోఇలియాక్ కీళ్ళు ఉంటాయి. చాలామందిలో వాపు అక్కడే మొదలవుతుంది. ఎక్స్‌రేలో దాని గుర్తు పడడానికి ఏళ్ళు పట్టవచ్చు. మనం తీయించిన ఎమ్మారై నడుముది. ఆ కీళ్ళను సరిగా చూడాలంటే వాటి కోసమని వేరుగా తీయాలి. అంటే సుధా, మనం ఇన్నాళ్ళు సరైన ఇంటి పక్కింటి తలుపు కొట్టి, ఎవరూ పలకలేదని వెనక్కి వచ్చాం. హెచ్‌ఎల్‌ఏ బి27 అనే జన్యువు ఉందో లేదో చూసే రక్తపరీక్ష కూడా రాస్తారేమో. అది ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, లేనంత మాత్రాన లేనట్టూ కాదు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే వాపును చూపే రక్తపరీక్షలు మామూలుగా వచ్చినా జబ్బు ఉండవచ్చు. ఇది ఎక్కువగా మగవాళ్ళకే వస్తుందని వైద్యులే చాలాకాలం నమ్మారట, అందుకే ఆడపిల్లల విషయంలో ఇంకా ఆలస్యం అవుతోంది. లోకమంతటా ఈ జబ్బుకు పేరు పెట్టించుకునేసరికి సగటున ఏళ్ళు గడుస్తున్నాయంటే, నీకు మూడేళ్ళు పట్టడం నీ తప్పు ఎలా అవుతుంది?

ఇది రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. మీ అమ్మమ్మ గురించి చెప్పాలి.

పొందూరులో మా ఇంట్లో అమ్మ నూలు వడికేది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, ఎండిన అరటి బోదెలో దాచుకుని, రాట్నం ముందు నేల మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. లేచేటప్పుడు రెండు చేతులూ గోడకు ఆనించి లేచేది. యాభై ఏళ్ళు రాకముందే నడుము వంగిపోయింది. "వాతం" అన్నారు. వావిలాకు కాచిన నీళ్ళు పోసుకునేది, ఆముదం రాయించుకునేది. అందరూ రాట్నం వల్లే అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. కాని పక్కన కూర్చుని అంతే వడికిన ఆడవాళ్ళలో ఎందరో నిటారుగా నడిచేవారు. అమ్మ కోడి కూయకముందే లేచి వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, వీధి చివరి దాకా ఒకసారి వెళ్ళి వచ్చేది. ఊరంతా ఎంత పనిమంతురాలని మెచ్చుకునేది. నేను గర్వపడేదాన్ని. భోగి నాడు నిన్ను పెరట్లో చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ పని కోసమే లేచేదా, పడుకోలేక లేచేదా? ఇంకొకటి కూడా గుర్తుకు వచ్చింది. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఆమెకు ఒక కన్ను ఎర్రబడేది. వెలుతురు చూడలేక కొంగు కప్పుకుని చీకటి గదిలో పడుకునేది. కలక అనుకుని నందివర్ధనం పూలు పెట్టేవాళ్ళం. కంటి లోపలి పొర వాచి అలా ఎర్రబడడం ఈ జబ్బు ఉన్నవాళ్ళలో మామూలేనని ఇప్పుడు తెలిసింది. అమ్మకు ఇదే ఉందని నేను అనడం లేదు, ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. కాని ఈ జబ్బు వంశంలో వస్తుంది కనుక డాక్టరు అడిగినా అడగకపోయినా అమ్మమ్మ నడుము గురించి, కన్ను గురించి చెప్పు. పాపం ఆమెను ఎవరూ అడగలేదు.

ఇక మాటల సంగతి. ఇది తెలుగు టీచరుగా చెబుతున్నాను. ముగ్గురు డాక్టర్ల దగ్గరా నువ్వు "బ్యాక్ పెయిన్" అన్నావు. వాళ్ళు రాసుకున్నదీ అదే. ఇంట్లో నాతో అలా అనవు. "సలుపుతోందమ్మా" అంటావు, "పట్టేసింది" అంటావు, "మడమల్లో పోటు" అంటావు. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడు. పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, పీకడం వేరు. మంట, తిమ్మిరి, గుంజడం, కలుక్కుమనడం ఒక్కొక్కటీ ఒంట్లో ఒక్కో సంగతిని చెబుతుంది. తిమ్మిరి, మంట అంటే డాక్టరు నరాల వైపు ఆలోచిస్తారు, పట్టేయడం అంటే కీళ్ళ వైపు. నువ్వు అన్నిటినీ ఒక్క ఇంగ్లీషు మాటలో మూటగట్టి ఇస్తే ఆయన మాత్రం ఏం చేస్తారు? అచ్చంగా నాతో చెప్పినట్టే చెప్పు.

ఇంకొకటి, సిగ్గు. నీ నొప్పి నిజానికి నడుములో కాదు, పిరుదులో. ఒక వారం ఎడమ వైపు, ఒక వారం కుడి వైపు. ఆ మాట అనడానికి మొహమాటపడి నడుము మీద చెయ్యి పెట్టి చూపించావు. వాళ్ళు నడుముకు ఫిల్ము తీశారు. అలా వైపులు మారే పిరుదు నొప్పి పెద్ద ఆనవాలని ఆ ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినప్పుడు నాకు నా పెంపకమే గుర్తుకు వచ్చింది. పదేళ్ళ వయసులో నువ్వు అక్కడ దెబ్బ తగిలిందని ఏడిస్తే "అలా అనకూడదు" అని నోరు మూయించింది నేనే. ఇప్పుడు నేనే చెబుతున్నాను, వేలు పెట్టి చూపించు. అలాగే నెలసరి రోజుల్లో పొత్తికడుపు నొప్పి భరించలేనంతగా ఉంటే అదీ చెప్పు. ప్రసవ వయసులో ఉన్న ఆడవాళ్ళలో నూటికి సుమారు పదిమందికి ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు, ఉంటుంది. మామూలు స్కానింగులో ఏమీ కనబడకపోవచ్చు. దానికీ "ఆడవాళ్ళకు అంతే" అన్న మాటతోనే ఏళ్ళు దొర్లిపోతాయి.

భోగి నుంచి నాలుగు వారాలుగా నువ్వు ఫోనులో చెప్పినవన్నీ నేను ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఎన్ని గంటలకు మెలకువ వచ్చింది, పట్టు విడవడానికి ఎంతసేపు పట్టింది, ఏ వైపు, ఏ బిళ్ళ వేసుకున్నావు, దానికి ఎంత తగ్గింది. అదంతా ఒక్క పేజీకి కుదించి ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. పుస్తకం మొత్తం ఇస్తే చదివే తీరిక ఆయనకు ఉండదు. పేజీ ముందు పెట్టు. మీ నాన్న రిపోర్టులన్నిటినీ తేదీల వరుసలో కట్టి ఫైలు చేశారు. నాలుగుసార్లు చేయించిన థైరాయిడ్, రెండుసార్లు చేయించిన విటమిన్ డి, అన్నీ ఉన్నాయి. చేసిన పరీక్షే మళ్ళీ రాస్తే ఫైలు చూపించు. ఆయన ఏం అనుమానిస్తున్నారో, ఏది కాదని తేల్చుకుంటున్నారో అడుగు. ఇదీ కాకపోతే తరువాత ఎవరిని చూడాలి అని కూడా అడుగు. "ఏమీ లేదు" అన్న మాటతో నేను ఈసారి లేవను.

నొప్పి బిళ్ళల గురించి కొంచెం కఠినంగా రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. డిసెంబరులో నీ బ్యాగులో డైక్లోఫెనాక్ పట్టీలు మూడు చూశాను. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి. మనది ఏ జిల్లానో నీకు తెలుసు. కవిటి మావయ్య వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళి వస్తున్నారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, అటు ఇచ్ఛాపురం, ఇటు పలాస, కొబ్బరితోటల మధ్య ఆ ఉద్దానం ఊళ్ళలో ఎందరు కిడ్నీలు పోగొట్టుకున్నారో. నీరు అన్నారు, నేల అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే చాకిరీ అన్నారు, విచ్చలవిడిగా మింగే నొప్పి బిళ్ళలు అన్నారు. ఇదీ కారణం అని ఇప్పటికీ ఒక్కటి తేలలేదు. కాని ఈ బిళ్ళలు అదుపు లేకుండా వాడితే కిడ్నీని దెబ్బతీస్తాయన్నది మాత్రం తేలిన విషయం, ఉద్దానంలోనైనా విశాఖలోనైనా. నీకు ఈ జబ్బే అయితే డాక్టరు మొదట ఇచ్చేవి ఆ జాతి మందులే కావచ్చు. అప్పుడు భయపడి మానేయకు. ఆయన చెప్పిన మోతాదులో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటూ వేసుకో. వాటికి లొంగకపోతే ఇంజెక్షన్లు ఉన్నాయట, వ్యాయామం ఎలాగూ తప్పదట. పేరు లేని పొట్లాల మందు మాత్రం ఎవరు తెచ్చినా ముట్టుకోవద్దు, మీ అత్త తెచ్చినా సరే. వాటిలో స్టెరాయిడ్లు కలిపిన సంగతులు వైద్యులు చెబుతూనే ఉన్నారు.

ఉద్దానం తలచుకున్నప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తోంది. అక్కడ కారణం తెలియదు, అయినా జబ్బు లేదని ఎవరూ అనరు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. కారణం దొరికేదాకా ఆగండి అని అనలేదు కదా. 2006లో చికున్ గున్యా వచ్చిన ఏడు నీకు గుర్తుండదు. మా బడిలో సుద్దముక్క పట్టుకోలేక సగం మంది టీచర్లు నోటితోనే పాఠాలు చెప్పారు. జ్వరం తగ్గిన నెలల తరువాత కూడా మెట్లు దిగలేకపోయారు. ఎవరికి చూసినా కీళ్ళు పైకి బాగానే ఉన్నాయి. చికున్ గున్యా అన్న మాటకు అర్థమే ఆఫ్రికాలోని ఒక భాషలో వంగిపోవడమట. ఊరంతా వంగిపోయింది కనుక ఊరంతా నమ్మింది. నువ్వు ఒక్కదానివే వంగావు, అందుకని నిన్ను నిలబెట్టి సాక్ష్యం అడిగాం.

సోమవారం వెళ్ళే డాక్టరు ఇది కాదని తేల్చవచ్చు. ఆ మాట ముందే నా మనసుకు చెప్పుకుంటున్నాను, నువ్వూ చెప్పుకో. కీళ్ళలో వాపు లేకపోయినా, నరాలూ మెదడూ నొప్పిని పట్టుకునే తీరే మారిపోయి ఒళ్ళంతా నొప్పి ఉండే స్థితి ఉంది. ఫైబ్రోమయాల్జియా అలాంటిదే. దానిని పట్టించే రక్తపరీక్ష లేదు. 1990లో వైద్యులు ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి 11 చోట్ల నొప్పి ఉంటే అదే అనేవారు. 2010 తరువాత ఆ లెక్క మార్చి, నొప్పి ఎన్ని చోట్ల ఉంది, నిద్ర ఎలా ఉంది, అలసట, మరపు ఎంత అని రోగినే అడిగి తేల్చడం మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న జబ్బుల పట్టికలో మూడు నెలలు దాటిన నొప్పికి తనకంటూ చోటు ఉంది. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, ఒక మనిషి నాకు నొప్పి అని చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా రాసింది. అది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. అంతమంది పెద్దలు కూర్చుని రాసుకున్నది నీ తల్లిగా నేను ఎప్పుడో చేయవలసిన పని.

ఒక్క జాగ్రత్త. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా, జ్వరం వస్తూ బరువు తగ్గుతున్నా సోమవారం దాకా ఆగకూడదు. ఎంత రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళి, అక్కడి నుంచి ఫోను చెయ్యి.

ఈ ఉదయం అరసవల్లి వెళ్ళాను. మాఘ ఆదివారం కదా, ఇంద్రపుష్కరిణి దగ్గరే జనం కిక్కిరిసి ఉన్నారు. ఆరోగ్యం భాస్కరుణ్ణి అడగాలంటారు, అడగడానికే అందరూ వచ్చారు. వరుసలో నా ముందు ఒక పెద్దావిడ కర్ర ఊతంగా నిలబడి ఉంది. ఎక్కడ నొప్పమ్మా అని అడిగాను. ఎప్పటి నుంచి, పడుకుంటే ఎలా ఉంటుంది, నడిస్తే ఎలా ఉంటుంది అని కూడా అడిగాను. ఆమె నా చెయ్యి వదలకుండా గుడి లోపలికి వెళ్ళేదాకా చెబుతూనే ఉంది. స్వామికి నీ పేరున మొక్కుకున్నాను. మొక్కు మొక్కే, డాక్టరు డాక్టరే. రెండూ నాకు కావాలి.

పెళ్ళి సంగతి ఎవరు ఎత్తినా నేను చూసుకుంటాను. ఈ ఉత్తరంలో దానికి ఇంతకంటే చోటు లేదు. ఆఫీసులో గంటకోసారి లేచి నడవడానికి మొహమాటపడకు. రాత్రి ఏ వేళ మెలకువ వచ్చినా నాకు ఫోను చెయ్యి, ఆ వేళకు నాకూ మెలకువ వచ్చేస్తోంది.

సోమవారం డాక్టరు గదిలోకి నేను రావాలా, బయట కూర్చోవాలా అన్నది నువ్వే చెప్పు. రమ్మంటే వచ్చి, నువ్వు మరిచిన ముక్క ఉంటేనే నోరు తెరుస్తాను. మీ నాన్న శ్రీకాకుళం రోడ్ నుంచి తెల్లవారుజాము రైలుకు టిక్కెట్టు తీశారు. విశాఖలో దిగి ఆటోలో నేరుగా నీ గదికే వచ్చేస్తాను. నువ్వు స్టేషనుకు రావద్దు, ఆ వేళకు నీకు ఇంకా పట్టు విడవదు.

ఇట్లు,
అమ్మ